బొమ్మలకొలువు

పండుగలను గూర్చి పత్రికలకు వ్రాయువారు తఱచుగా పురాణకథతో మొదలుపెట్టి పూజావిధానముతో ముగింతురు. పండుగకు ముందు మూడు నాలుగు వారములపాటు పెరటిలోను, వంటయింటి గడపయొద్దను పిల్లలును పెద్దలును కలిసి చేయు పనిని గూర్చి వ్రాసినవారు తక్కువ. నా మట్టుకు నాకు పండుగ యనగా ఆ పనియే. ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మా యిద్దరు పిల్లలకు చదువుపై దృష్టి నిలువదు. అమ్మాయికి ఎనిమిదేండ్లు, పిల్లవానికి అయిదు. ఉపాధ్యాయుడనై యుండియు నేను దానికి విచారింపను. ఆ నెలదినములలో వారి చేతులు నేర్చుకొనునంత, నేను ఏడాది పొడుగున నల్లబల్లమీద వ్రాసి నేర్పలేనని నాకు తెలియును. ఈ వ్యాసమున బొమ్మలకొలువు పూర్వకథను నాకు తెలిసినంత చెప్పి, మా యింటి కొలువునకు వెనుకగదిలో నిలిచిపోయిన ఒక మనిషిని గూర్చి కూడ చెప్పదలచినాను. రెండవది చెప్పనిచో మొదటిది సగమే చెప్పినట్లగును.

పిల్లలకు బొమ్మ నిచ్చుట నిన్న మొన్నటి విలాసము కాదు. 1921లో హరప్పాయందును, 1922లో మొహెంజొదారోయందును మొదలైన త్రవ్వకములను గూర్చి చదువునప్పుడెల్ల నన్నొక విషయము ఆకర్షించును. రాజప్రాసాదమని నిశ్చయముగా చెప్పదగిన కట్టడ మేదియు ఆ నగరములలో దొరకలేదు. పిల్లల బొమ్మలు మాత్రము విరివిగా దొరకినవి. కాల్చిన మట్టితో చేసిన చిన్న యెడ్లబండ్లు, లోపల బోలుగా నుండి ఊదినచో కూయు పక్షులు, త్రాడు లాగినచో తల యూపు ఎద్దు. నాలుగువేల యేండ్లకు పైబడిన ఆ బండ్ల కట్టుబడి సింధుదేశపు పల్లెలలో ఇరువదవ శతాబ్దమువఱకు తిరిగిన బండ్లను పోలియుండెనని పురాతత్త్వజ్ఞులు గుర్తించిరి. రాజుల పేర్లు చెప్పలేని మట్టి పిల్లల బండిని భద్రముగా దాచియుంచినది.

సంస్కృతకవులు ఆటవస్తువును చిన్నచూపు చూడలేదు. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొని వచ్చి, దాసి చేసియిచ్చిన మట్టిబండి తనకు వలదని యేడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి, బంగారుబండి చేయించుకొమ్మని చెప్పును. ఆ నగలే తరువాత న్యాయస్థానమున చారుదత్తునకు ప్రాణముమీదికి తెచ్చును. అంతటి నాటకమునకు పేరు నాయికవలన రాలేదు, నాయకునివలన రాలేదు. ఒక పిల్లవాడు వలదన్న మట్టిబండివలన వచ్చినది. శాకుంతలము సప్తమాంకమున సింహపుపిల్లను లాగుచున్న సర్వదమనుని మఱపించుటకు తాపసి రంగువేసిన మట్టినెమలిని తెచ్చును. ఆ పక్షి యందమును చూడుమని చెప్పిన మాటలలో తన తల్లి పేరు వినబడి బాలుడు అమ్మ కొఱకు చుట్టును చూచును. దుష్యంతునకు తన కొడుకును తెలిపిన గుర్తులలో ఆ మట్టినెమలి యొకటి. కుమారసంభవ ప్రథమసర్గమున పార్వతి మందాకిని యిసుకతో తిన్నెలు కట్టియు, బంతులతోను బొమ్మబిడ్డలతోను చెలులతో నాడుకొన్నట్లు కాళిదాసే చెప్పెను. నేను చదువుకొన్న నాడు ఈ ఘట్టములయొద్ద మాకు సమాసములను విడదీయించిరి గాని, ఆ పిల్లలు మా యింటి పిల్లలవంటివారని ఎవరును చెప్పలేదు.

తెలుగున అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో పిల్లల యాటల పేర్లు ఒక పెద్ద పట్టికవలె నున్నవి. వానిలో అనేకము నేడు పేర్లుగా మాత్రమే మిగిలినవి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల దండయాత్రలను ప్రక్కకు నెట్టి, జనుల తిండిని, బట్టను, ఆటను చరిత్రగా లెక్కించిరి. ఆ గ్రంథమునకే 1955లో కేంద్ర సాహిత్య అకాడమీవారి మొదటి తెలుగు బహుమానము వచ్చినది. అట్టి మార్గము తెఱవబడినది గనుకనే నావంటివాడు బొమ్మలను గూర్చి చరిత్రవ్యాసము వ్రాయ సాహసించుచున్నాడు.

ఇక కొలువు మాట. కొలువనగా రాజసభ. సింహాసనము, దానికి దిగువ మెట్లు, మెట్టునకొక తెగ పరిజనులు. 1443లో హీరాతు నేలుచున్న షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరమునకు వచ్చి, రెండవ దేవరాయల మహానవమి యుత్సవమును కన్నులార చూచెను. విశాలమైన మైదానమున అనేక అంతస్తుల మంటపములు నిలిపి, వానిపై అడుగునుండి కొనవఱకు మనుష్యులను, మృగములను, పక్షులను, కడకు ఈగలను దోమలను సైతము చిత్రించిరని అత డాశ్చర్యపడి వ్రాసెను. 1520 ప్రాంతమున పోర్చుగీసు వాడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల కాలపు తొమ్మిదినాళ్ల యుత్సవమును వర్ణించెను: రాజు పీఠముపై కూర్చుండును, ఏనుగులు, గుఱ్ఱములు, మల్లులు, నాట్యకత్తెలు, సామంతులు వరుసగా వచ్చి కనబడి పోవుదురు. విజయనగరము కూలిన పిమ్మట 1610లో రాజ ఒడయరు శ్రీరంగపట్టణమున ఆ దసరాకొలువును నిలిపెను. నేటి మన పిల్లల కొలువును ఈ వర్ణనలప్రక్క నుంచి చూచినచో పోలిక దాగదు. అంతస్తులు, ఏనుగు అంబారి, కాల్బలము, నాట్యకత్తె, అన్నిటికి పైన దేవుడో రాజో. రాజు దర్బారును చూచి వచ్చినవారి యిండ్లలో పిల్లలు ధాన్యపు పెట్టెలమీద పంచె పఱచి తమ దర్బారు తీర్చిరనియు, రాజ్యము పోయినను పిల్లల కొలువు మిగిలెననియు నాకు తోచును.

రాయలసీమయందును తెలంగాణమున పెక్కుచోట్లను ఈ కొలువు దసరాకు తీర్చుదురు. కోస్తా జిల్లాలలో సంక్రాంతికి, భోగినాడు. భేదమునకు కారణము పంట యని నా యభిప్రాయము. గోదావరీ కృష్ణా మండలములలో దసరానాటికి వరి చేలలోనే యుండును; సంక్రాంతికి ఇంటికి వచ్చును. ధాన్యము వచ్చిన ఇంటిలోనే బొమ్మ కొనుటకు చేతిలో కాసును, తీర్చుటకు తీరికయు నుండును.

బొమ్మలలో ముందుగా చెప్పవలసినది కొండపల్లి. విజయవాడకు చేరువనున్న ఈ యూరు రెడ్డిరాజుల కోటకు ప్రసిద్ధము. కాని కోట కట్టినవారి పేర్లకంటె కొండక్రింద తెల్లపొనికి కఱ్ఱ చెక్కిన వారి పని యెక్కువ యిండ్లకు చేరినది. ఆర్యక్షత్రియులని చెప్పుకొను ఆ పనివారు తమ పెద్దలు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుదురు. పొనికి బెండువలె తేలికైన కఱ్ఱ. దానిని ఎండబెట్టి, సెగ చూపి తడి తీసివేసి, ఒక్కొక్క యవయవమును వేఱువేఱుగా చెక్కుదురు. చింతగింజల పిండిలో ఱంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. అతుకు కనబడకుండ ఆ మక్కుతోనే చేతివంపును, పాగా మడతను దిద్దుదురు. సున్నపుపూత యారిన పిమ్మట రంగులు వేయుదురు. ఈ కడపటి పనిలో ఇంటి యాడువారి చేయి ఎక్కువ. చెక్కుటకంటె కన్నులు దిద్దుట కష్టమని ఎఱిగినవారందురు. తాటిచెట్టెక్కు గీతపనివాడు, చల్ల చిలుకు ఇల్లాలు, దంచెడి స్త్రీలు, కుమ్మరి, పాములవాడు, అంబారి యేనుగు, దశావతారములు, అందఱును ఆ యొక్క కఱ్ఱలోనుండి పుట్టినవారే. కొండలలో పొనికి తఱిగిపోవుటయే నేడు ఆ పనివారి ముఖ్యమైన బాధ.

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక యున్నది. అచ్చటివారు అంకుడుకఱ్ఱను తరిమెనపై త్రిప్పి, తిరుగుచుండగనే లక్క పట్టించి నునుపు తెత్తురు. మన యాడుపిల్లల లక్కపిడతలు అచ్చటివే: పొయ్యి, గిన్నె, బిందె, తిరుగలి, రోలు, అన్నియు అరచేతిలో ఇముడును. పసుపు, నీలి, జాఫ్రా మొదలగు చెట్టుసంబంధమైన రంగులకు వారు మరల వచ్చుట మెచ్చదగినది, ఏలనగా లక్కపిడత నోట పెట్టుకొనని పిల్ల లేదు. ఏటికొప్పాక బొమ్మకు 2017లో భౌగోళికగుర్తింపు లభించినది. నిర్మల నకాషీల బొమ్మలకు అంతకుముందే 2009లో వచ్చినది. తిరుపతినుండి యాత్రికులు తెచ్చు ఎఱ్ఱచందనపు జంటబొమ్మలు వేఱొక జాతి. వానికి రంగు లేదు, ఆభరణము లేదు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, నిటారుగా నిలుచుందురు. పూర్వము పెండ్లికూతురితో వానిని పంపుచుండిరి. బిడ్డకు దద్దురు లేచినపుడు ఆ బొమ్మనే సానమీద అరగదీసి పట్టువేయుటయు కలదు.

జర్మనీ పింగాణి బొమ్మలు, వాని వెనుక జపాను సెల్యులాయిడు బొమ్మలు మన కొలువులలోనికి వచ్చిన కథ అందఱెఱిగినదే. సెల్యులాయిడు నిప్పు తగిలిన భగ్గున మండును; ఆ కాలపు దీపపు కుందులప్రక్క అది ఎట్టి యపాయమో చెప్పనక్కఱలేదు. తరువాత ప్లాస్టికు వచ్చినది. స్వదేశాభిమానముచేత వానిని పాఱవేయుమని నేను పిల్లలకు చెప్పను. పిల్ల ప్రేమించిన బొమ్మకు జాతి లేదు.

కాని కొలువు తీర్చునపుడెల్ల నాకొక సంగతి గ్రుచ్చుకొనును. మెట్లమీద కుమ్మరి బొమ్మ యుండును, గీతపనివాని బొమ్మ యుండును, మేదరి బొమ్మ యుండును. మా చిన్ననాట నిజమైన కుమ్మరి పిడతలు తెచ్చి వాకిటనే దించి పోవుచుండెను. అతని కూతురిని పేరంటమునకు పిలువవలెనని ఎవరికిని తోచలేదు. చెక్కతో చేసిన మనిషి దేవునిప్రక్క కూర్చుండవచ్చును. చేసిన మనిషి గుమ్మము దాటరాదు.

ఇక సన్నాహము. నా చిన్ననాట ఇదంతయు మా చిన్నమామ్మ చేతిలో నుండెడిది. ఆమె మా తాతగారి చెల్లెలు. తెల్లని చీర, బోసిమెడ, పొట్టి చేతులు. ఆ చేతులకు తెలియని పని లేదు. ధనుర్మాసము మొదటివారముననే మమ్ములను చెఱువుగట్టునకు తీసికొనిపోయి బంకమన్ను తెప్పించెడిది. ఆ మన్ను రెండుదినములు నానవలెను. రాళ్లు ఏఱి, కొంచెము దూది పింజెలు పింజెలుగా వేసి పిసికినచో ఎండినపుడు పగులదు. బొమ్మను ఎండలో పెట్టరాదు, నీడలోనే ఆరవలెను. ఇది మాకు ప్రతియేడును మఱపునకు వచ్చెడిది, ప్రతియేడును ఒకటి రెండు ఏనుగుల తొండములు పగిలెడివి. ఆమె కోపపడెడిది కాదు. తొండము లేని యేనుగును ఎనుబోతును చేసెడిది.

పిదప భోగిపిడకలు. ఆవుపేడను రూపాయ బిళ్ల యంత చేసి నడుమ వ్రేలితో తూటు పెట్టి గోడకు గాక నేలమీద ఆరబెట్టవలెను. పుష్యమాసపు ఎండ చాలదు గనుక మూడువారములు ముందుగానే మొదలిడవలెను. లెక్కపెట్టుట నేను బడిలో నేర్చుకొనలేదు. ఎవరి దండలో ఎన్ని పిడకలున్నవో తగవులాడుకొని నేర్చుకొంటిని. భోగికి ఏడు దినములముందు ఆవాలు, మెంతులు రాత్రి నానవేసి, వెడల్పు మూకుళ్లలో తడియిసుకమీద చల్లి, గోనెగుడ్డ కప్పి ఉంచెడివారము. మూడవనాడు గుడ్డ తీయవలెను. అంతకు ముందే తీసి చూచినవాని మూకుడు పలుచగా మొలచును. కొలువు క్రింద అవియే వరిచేలు. అద్దపు పలక చెఱువు, బొగ్గులు కొండలు, రంపపుపొట్టు బాట. ట్రంకుపెట్టెలు, పీటలు, తాతగారి నిఘంటువులు మెట్లు. పైన ఉతికిన పంచె. మెట్లు మూడో, అయిదో, ఏడో, బేసిగా నుండవలెను. నిఘంటువుల మెట్టు ఎప్పుడును ఒకప్రక్కకు ఒరుగుచుండెడిది, ఏలనగా కావలసిన సంపుటమును తాతగారు నడుమ లాగికొనెడివారు.

పాఠశాలలో శిక్షణ పొందునపుడు నాకు ఫ్రోబెలును గూర్చి చెప్పిరి. ఆయన 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గున చిన్నపిల్లల యాటలకొక సంస్థ తెఱచి, 1840లో దానికి పిల్లలతోట యను నర్థమిచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. బంతి, గోళము, ఘనము మొదలగు వస్తువులతో పిల్లలు ఆడుచునే నేర్తురని ఆయన మతము. అంత నిరపాయమైన యీ తోటలను ప్రష్యా ప్రభుత్వము నాస్తికత్వము నేర్పునన్న శంకతో 1851లో నిషేధించి, 1860లో గాని ఆ నిషేధమును తొలగింపలేదు. 1907లో మాంటిసోరియమ్మ రోమునగరపు పేదపేటలో బాలగృహము తెఱచెను. 1939లో మదరాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకే పాఠములు చెప్పెను. 1920లో గిజుభాయి భావనగరమున బాలమందిరము స్థాపించెను. మన తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో బాల పత్రికను పిల్లల చేతిలో పెట్టిరి. ఇవన్నియు పరీక్షకొఱకు చదువుచుండగా నాకు మాటిమాటికి చిన్నమామ్మ ఆవాల మూకుడే కనబడెడిది.

ఇవన్నియు మనవారికి ముందే తెలియునని గర్వించు మిత్రులు కొందఱున్నారు. వారితో నేను సగమే ఏకీభవింతును. మట్టి పిసుకుట మన యవ్వలకు తెలియును, నిజము. కాని ఫ్రోబెలు తోటలోని యాడుపిల్ల తరువాతి తరగతికి పోయెను. మన కొలువులోని యాడుపిల్ల ఎచ్చటికి పోయెనో కూడ చెప్పవలెను.

మన యాడుపిల్లల యాటలలో ముఖ్యమైనది బొమ్మలపెండ్లి. ఒకయింటివారు పెండ్లికొడుకువారు, ఒకయింటివారు పెండ్లికూతురువారు. విడిది, ఎదురుకోలు, తలంబ్రాలు, అలకపాన్పు, అప్పగింతలు, ఒక్కటియు తప్పదు. పెద్దలు కూడ దిగి పిండివంటలు చేయింతురు, మేళము పిలిపింతురు. చూచుటకెంతో ముచ్చట. కాని ఒక శతాబ్దము వెనుకకు పోయి ఆ పిల్లల వయసు నడిగినచో ముచ్చట కొంత తగ్గును. ఆరు, ఏడు, ఎనిమిది. బొమ్మకు అప్పగింతలు పాడి యేడ్చిన పిల్లకే ఆ మాఘములోనో వైశాఖములోనో అప్పగింతలు. సంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారికే 1861లో పదుమూడేండ్ల వయసున ఎనిమిదేండ్ల బాలికతో పెండ్లి యయ్యెను. ఆ దంపతులే తరువాత 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును నిలువబడి జరిపించిరి. ముసలివానికి అమ్మబడిన పూర్ణమ్మను గురజాడ అప్పారావుగారు బొమ్మగా పిలుచుట ఊరక పిలుచుట కాదని నేను పిల్లలకు చెప్పుచుందును.

శాసనము మెల్లగా నడచినది. 1891 నాటి చట్టము పెండ్లి జోలికి పోక, భార్యాభర్తల సహవాసమునకు బాలిక వయసును పదినుండి పండ్రెండునకు పెంచినది. ఆమాత్రమునకే దేశము అట్టుడికినది. హరవిలాస్ శారదాగారి చట్టము 1929 సెప్టెంబరులో ఆమోదము పొందినది. బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదని అది చెప్పెను. కాని అది అమలులోనికి వచ్చినది 1930 ఏప్రిలు 1వ తేదీన. ఈ నడుమ ఆఱుమాసముల గడువు దొరకినది. ఆ గడువులో దేశమంతట పెద్దలు తొందరపడి చిన్నపిల్లలకు పెండ్లిండ్లు చేసివేసిరి. 1931 జనాభాలెక్కలలో పదునైదేండ్లలోపు వివాహితబాలికల సంఖ్య అంతకుముందు లెక్కకంటె చాల పెరిగి కనబడెను. ఆడపిల్లలను కాపాడుటకు వచ్చిన చట్టము ముందుగా కొందఱు ఆడపిల్లలమీదనే పడినది. వయసు 18 అగుటకు 1978వఱకు పట్టినది.

ఆ సంఖ్యలో మా చిన్నమామ్మ యొకతె. 1930 సంక్రాంతికి ఆమె కొలువు తీర్చెను; ఆ మాఘములో ఆమెకు పెండ్లి చేసిరి. వయసు ఎనిమిది. మా ముత్తాతగారు చెడ్డవారు కారు, పిల్లకు బొమ్మలు కొనిపెట్టినవారే. చట్టము వచ్చిన తరువాత మంచి సంబంధము చేజారునని భయపడిరట. పండ్రెండవయేట, కాపురమునకు పోకుండగనే, ఆమెకు వైధవ్యము వచ్చినది. పెండ్లిలో ఇచ్చిన ఎఱ్ఱచందనపు జంటబొమ్మలు పెట్టెలోనే యుండెను. తరువాత అఱువదేండ్లు ఆమె ఆ యింటి పిల్లలందఱికి, మూడుతరములవారికి, కొలువు తీర్చి పెట్టెను. తాను మాత్రము కొలువు ముందునకు ఒక్కనాడును రాలేదు.

భోగినాటి సాయంకాలము పేరంటాండ్రు వచ్చు వేళకు ఆమె చేతులు కడుగుకొని వెనుకగదిలోనికి పోయెడిది. మాకు భోగిపండ్లు పోయవలెను. రేగిపండ్లు ఏఱినది ఆమె, చెఱకు చిన్నముక్కలుగా నఱికినది ఆమె, బంతిపూల రేకులు దూసినది ఆమె, చిల్లరడబ్బులు కలిపి సోలలో కొలిచినది ఆమె. పోయుట ముత్తైదువల వంతు. 1991లో, నాకు తొమ్మిదేండ్లప్పుడు, మా చెల్లెలు పీటమీద కూర్చుండనని పట్టుబట్టినది. చిన్నమామ్మ వచ్చి పోసిన గాని కూర్చుండదట. వచ్చినవారు మొదట నవ్విరి, పిదప ఒకరి ముఖము లొకరు చూచుకొనిరి. మా నాయనమ్మ చెల్లెలిని గద్దించినది. మా అమ్మ తల వంచుకొని నిలిచినది. అప్పుడు వెనుకగది తలుపు సందునుండి చిన్నమామ్మ గొంతు వినబడినది: "కూర్చో తల్లీ, నేనిక్కణ్ణించి చూస్తూనే ఉన్నానుగా." చెల్లెలు ఏడ్చుచునే కూర్చున్నది. పండ్లు పోసిరి. మేము క్రిందపడిన డబ్బులు ఏఱుకొనుటలో ఆ సంగతి మఱచిపోతిమి. చిన్నమామ్మ 1994లో పోయినది.

ఆమె మఱల నా తలపునకు వచ్చుటకు చాల కాలము పట్టినది. మా నాన్నగారు పోయిన పిమ్మట మా యింటికి వచ్చియున్న అమ్మ, నా బిడ్డకు మొదటి భోగిపండ్లనాడు, చెప్పకుండగనే లేచి వెనుకగదిలోనికి పోయినది. ఆ తలుపు వేసికొను చప్పుడు నాకు తెలిసిన చప్పుడు. నా భార్య సోలను చేతబట్టుకొని ఆ గదిలోనికి పోయి, "మీరు పోస్తేనే తక్కినవాళ్లు పోస్తారత్తయ్యా" అన్నది. అమ్మ చాలసేపు రాలేదు. వచ్చినపుడు ఆమె చేయి వణకుచుండెను. మూడుమాఱులు పోయవలసినది ఒక్కమాఱే పోసి కూర్చున్నది. ఇద్దఱు ముత్తైదువలు తాంబూలము పుచ్చుకొనకయే వెడలిపోయిరి. మఱుసటియేడు వారిలో ఒకామె వచ్చినది. రెండవయామె నేటికిని రాలేదు. ఆ రాత్రి అమ్మ నాతో, "ఆ రోజు నేను లోపలికి వెళ్లి చిన్నత్తయ్యగారి చెయ్యి పట్టుకుని తీసుకురావలసింది. నాకు తెలుసు. అత్తగారికి భయపడ్డాను" అన్నది. నేను బదులు చెప్పలేకపోతిని. తొమ్మిదేండ్లవాడనైనను నేను కూడ అచ్చటనే యుంటిని.

ఈ యాచారములను మార్చుట ఒక యింటి పని మాత్రమే కాదు. 2022 మే నెలలో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హెర్వాడ్ గ్రామపంచాయతివారు, భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టుట, బొట్టు తుడుచుట మొదలగు ఆచారములను మానవలెనని తీర్మానము చేసిరి. మన యూళ్లలో అట్టి తీర్మానమునకు వేచియుండనక్కఱలేని పని యొకటి కలదు: పేరంటమునకు పిలుచుట. పిలుపునకు చట్టముతో గాని పంచాయతితో గాని నిమిత్తము లేదు.

కొలువు తీర్చు తల్లిదండ్రులకు ఒకటి రెండు మాటలు చెప్పి ముగింతును. దీపమును మెట్లమీద పెట్టక నేలమీద దూరముగా పెట్టుడు. పంచె, దూది, ఱంపపుపొట్టు అన్నియు అంటుకొనునవే. ఏడాది రెండేండ్ల పిల్లలకు పోయు భోగిపండ్లలో నాణెములు వలదు, రేగిపండ్లను కూడ వెంటనే ఏఱి తీసివేయవలెను, గింజ గొంతుకు అడ్డుపడును. మగపిల్లలను తప్పక పనిలో చేర్చుడు. మా వాడు ఈ యేడు భోగిపిడకలు ఇరువది రెండు చేసినాడు. అందులో పదునెనిమిది త్రాటికి ఎక్కినవి.

చిన్నమామ్మ ఎఱ్ఱచందనపు జంట ఇప్పుడు మా యింటనే యున్నది. ఈ యేడు అమ్మాయి వానికి పెండ్లి చేయునేమో యని చూచితిని. చేయలేదు. అట్టపెట్టెతో ఒక బస్సు చేసి, ఆడుబొమ్మను డ్రైవరు చోటున నిలిపి, మగబొమ్మను వెనుక కూర్చుండబెట్టి, టిక్కెట్టు లేదని తమ్ముడు వానిని దింపివేయుచుండగా తగవులాడుచున్నది. వాడు ఆవాల మూకుడుమీది గుడ్డను రెండవనాడే తీసి చూచినాడు. మా వరిచేను ఈ యేడు ఒకప్రక్క పలుచగా మొలచినది.